మదురైలో ఏ వేళకు ఎక్కడ ఉండాలి: ఒకటి రెండు రోజుల ప్రయాణానికి ఎంపిక సలహా

మదురై వెళ్లివచ్చిన మనవాళ్లను ఎలా ఉందని అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: గుడి బాగుంది, ఎండ ఎక్కువ, రద్దీ ఎక్కువ. రామేశ్వరం వెళ్తూ దారిలో దిగి, పదకొండు గంటలకు వరుసలో నిలబడి, పన్నెండున్నరకు తలుపులు మూసేలోపు అమ్మవారి ముందు అర నిమిషం గడిపి, చెప్పులు లేని పాదాలతో కాలుతున్న రాతి పలకల మీద పరుగెత్తి బస్సెక్కినవాళ్లు ఇంకేమి చెప్పగలరు? నా మొదటి ప్రయాణం అచ్చంగా అలాగే ముగిసింది. రెండోసారి రైలు ఆలస్యమై సాయంత్రం చీకటి పడ్డాక దిగాను. ఆ రాత్రి నేను చూసిన ఊరికీ, అంతకు ముందు చూసిన ఊరికీ పోలికే లేదు.

అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా ముందు చూడవలసిన చోట్ల పేర్లు చెప్పను. ఎన్ని గంటలకు దిగుతున్నారు, ఎన్ని గంటలకు బయలుదేరుతున్నారు అని అడుగుతాను. తమిళులు ఈ ఊరిని తూంగా నగరం అంటారు, అంటే నిద్రపోని నగరం. పగలు మధ్యాహ్నం మాత్రం ఈ ఊరు నిజంగానే కాసేపు కునుకు తీస్తుంది. గుడి మూసి ఉంటుంది, ఎండ వీధులను ఖాళీ చేస్తుంది. ఆ మూడు నాలుగు గంటలను ఎక్కడ గడపాలో ముందే తేల్చుకుంటే మిగిలిన ఎంపికలు సులువవుతాయి.

గుడికి ఉదయమా, రాత్రా?

మీనాక్షి సుందరేశ్వర ఆలయం ఉదయం సుమారు ఐదు నుంచి పన్నెండున్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది. పండుగ రోజుల్లో వేళలు మారతాయి. సమయం ఉంటే రెండుసార్లు వెళ్లండి. ఒక్కసారే వీలైతే రాత్రికే వెళ్లమంటాను.

ఉదయం ఆరు గంటల దర్శనానికి ఉన్న మంచితనం నేను కాదనను. వరుస చిన్నది, గాలి చల్లన. శిల్పాలు చూడాలనుకునేవారికి, పిల్లలకు కథలు చెబుతూ తిప్పాలనుకునేవారికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి అదే సరైన వేళ. ఈ ఆలయానికి 14 గోపురాలు. దక్షిణ గోపురం అన్నిటికన్నా ఎత్తయినది, సుమారు 170 అడుగులు. దాని మీది రంగుల బొమ్మలన్నీ చూడాలంటే పొద్దుటి వెలుగే కావాలి. వేయి కాళ్ల మండపంలో నిజానికి ఉన్నవి 985 స్తంభాలు. ఒక మూల నిలబడి చూస్తే అవి ఏటవాలుగా కూడా వరుస కడతాయి. ఆ వరుసల మధ్య రాతిలో చెక్కిన బొమ్మల ముందు నిదానంగా ఆగాలంటే జనం పలచగా ఉండాలి. వెండి అంబలం అనే సభలో నటరాజు అన్నిచోట్లా ఎత్తే ఎడమ పాదం కాక కుడి పాదం ఎత్తి నాట్యం చేస్తుంటాడు. ఎప్పుడూ ఒకే కాలి మీద నిలబడితే స్వామికి నొప్పి కాదా అని ఒక పాండ్యరాజు వేడుకున్నాడని, స్వామి కాలు మార్చాడని కథ. చంటిపిల్లలకు కూడా అర్థమయ్యే కరుణ అది. ఇంతటి తత్త్వమున్న మూర్తిని ఆ చిన్న కథతో దగ్గరికి తెచ్చుకున్న ఊరు ఇది.

రాత్రి విషయం వేరు. తొమ్మిది దాటాక సుందరేశ్వరుడి సన్నిధి నుంచి స్వామి పాదుకలను వెండి పల్లకిలో ఉంచి, నాదస్వరం, డోలు ముందు నడవగా మీనాక్షి అమ్మవారి పడకగదికి తీసుకెళ్తారు. పళ్లియరై పూజ అంటారు. తిరుమలలో ఏకాంత సేవ తెలిసిన మనకు దీని భావం చెప్పనక్కరలేదు. ఒక్క తేడా మాత్రం గమనించండి. ఇక్కడ అమ్మవారు స్వామి దగ్గరికి వెళ్లరు, స్వామే అమ్మవారి ఇంటికి వస్తారు. మీనాక్షి ఈ ఊరి రాణి, ఆయన అల్లుడుగా వచ్చినవాడు. దర్శనం కూడా ముందు అమ్మవారిదే, తర్వాతే స్వామిది. పగలు వేలమంది తొక్కిసలాడిన ప్రాకారంలో ఆ వేళకు ఊరివాళ్లే ఎక్కువగా మిగులుతారు. రోజూ వచ్చే ముసలివాళ్లు, దుకాణం కట్టేసి వచ్చినవాళ్లు, బడి పుస్తకాలు చంకనున్న పిల్లలు. పల్లకి పక్కనుంచి వెళ్తున్నప్పుడు సాంబ్రాణి పొగ, మల్లెల వాసన, నాదస్వరం ఒక్కసారిగా మీదికి వస్తాయి. నేను ఆ పల్లకి వెనుక ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. గొంతు పట్టేయని రాత్రి ఒక్కటీ లేదు.

ఈ సేవ చూడాలనుకునేవారు ఎనిమిదిన్నరకల్లా లోపల ఉండాలి. ముందు అమ్మవారి దర్శనం చేసుకుని, పొట్రామరై కోనేటి మెట్ల మీద కూర్చోవాలి. బంగారు తామర కోనేరు అని ఆ పేరుకు అర్థం. శుక్రవారం సాయంత్రం ఈ కోనేటి పక్క మండపంలో అమ్మవారికీ స్వామికీ ఊయల సేవ జరుగుతుంది. అది చూడదగినదే, కానీ ఆ రోజు జనం రెట్టింపు. ప్రశాంతత కావాలంటే మంగళ, శుక్రవారాలు కాకుండా చూసుకోండి. ఫోన్లు లోపలికి అనుమతించరు. బయట భద్రపరిచే కౌంటర్లు ఉన్నాయి, కానీ రాత్రి గుడి మూసే వేళ అక్కడ కూడా వరుస ఉంటుంది. గదిలోనే వదిలి వెళ్లడం మేలు. ఆ రెండు గంటలు ఫోను లేకపోవడం కూడా ఈ గుడి ఇచ్చే ప్రసాదమే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

బస: గుడి వీధుల్లోనా, బయటా?

పాత మదురై గుడి చుట్టూ ఒకదాని చుట్టూ ఒకటిగా చదరపు వీధులతో పెరిగింది. వాటికి తమిళ నెలల పేర్లు పెట్టారు. గుడిని ఆనుకుని చిత్తిరై వీధులు, వాటి చుట్టూ ఆవణి మూల వీధులు, ఆ తర్వాత మాసి వీధులు, అన్నిటికీ వెలుపల వెలి వీధులు. ఏ నెల ఉత్సవం ఏ వీధిలో ఊరేగాలో ఆ పేర్లే చెబుతాయి. తామరపువ్వు రేకుల్లా ఊరిని కట్టారంటారు.

రాత్రి సేవ, రాత్రి తిండి మీ ఉద్దేశమైతే గది వెలి వీధులకు లోపలే తీసుకోండి. పడమటి పక్క, రైల్వే స్టేషనుకూ గుడికీ మధ్య టౌన్ హాల్ రోడ్డు, పడమటి పెరుమాళ్ మేస్త్రీ వీధి ఉన్నాయి. అన్ని ధరల లాడ్జీలూ అక్కడే. గుడికి నడిచి వెళ్లొచ్చు, రైలుకూ నడిచే వెళ్లొచ్చు. గదులు ఇరుకు, హారన్ల మోత తెల్లవార్లూ వినిపిస్తుంది. గోపురం కనిపించే గది అని ఒకసారి నాకు ఎక్కువ అద్దెకు ఇచ్చారు. కిటికీలోంచి తల బయటపెట్టి పక్కకు వంగితే గానీ కలశం కనిపించలేదు. గోపురం మాట విని డబ్బు కట్టేముందు గది చూడండి. చాలా లాడ్జీలకు మేడ మీద కూర్చునే చోటు ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు దిక్కుల పెద్ద గోపురాలూ ఒకేసారి కనిపిస్తాయి, దానికి అదనపు అద్దె అవసరం లేదు.

సొంత కారులో కుటుంబంతో వస్తుంటే మాత్రం వైగై నదికి ఉత్తరాన ఉన్న పెద్ద హోటళ్లే మంచివి. కారు నిలిపే చోటు, పిల్లలకు కాస్త జాగా దొరుకుతాయి. లోపలి వీధుల్లో కారు తిప్పడం నరకం. కాకపోతే రాత్రి పదింటికి గుడి నుంచి బయటపడ్డాక ఆటో వెతుక్కోవాలి, వీధి తిండి తినే ఉత్సాహం సగం చచ్చిపోతుంది. అందుకే పెద్దవారు, పసిపిల్లలు లేనివాళ్లకు నేను నది అవతల గది ఎప్పుడూ చెప్పను.

మధ్యాహ్నం: మహలు, గాంధీ మ్యూజియం, కీళడి

గుడి మూసి ఉండే ఆ మూడున్నర గంటలకు మూడు దారులున్నాయి. ఒక్కటే పెట్టుకోండి.

తెలుగువారికి నా మొదటి ఓటు తిరుమల నాయకుడి మహలుకు. గుడికి ఆగ్నేయంగా కిలోమీటరు పైచిలుకు దూరం. 1636లో కట్టిన రాజభవనం ఇది. విజయనగర రాజుల తరఫున మదురైకి వచ్చిన విశ్వనాథ నాయకుడితో మొదలైన తెలుగు నాయక వంశంలో 1623 నుంచి 1659 దాకా ఏలినవాడు తిరుమల నాయకుడు. సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగం అని మనం చదువుకున్నది తంజావూరు, మదురై కొలువుల గురించే. తెలుగు వచనం దర్జాగా కూర్చున్న కొలువు ఇది. మహలులో అడుగుపెట్టగానే కనిపించే ఆ తెల్లని భారీ స్తంభాలను ఇటుక, సున్నంతో కట్టారు. వాటి నునుపు కోసం సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపారని చెబుతారు. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు రాజధాని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు ఇక్కడి భాగాలెన్నో విప్పి పట్టుకుపోయాడు. 19వ శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు మరమ్మతు చేయించకపోతే ఈ కొంచెమూ మిగిలేది కాదు. ఇప్పుడు మనం చూసేది అసలు భవనంలో నాలుగో వంతేనంటారు. ఆ నాలుగో వంతు కింద నిలబడితే మనిషి చీమంత. మధ్యాహ్నం అంగణంలో ఎండ మండుతున్నా స్తంభాల నీడలో చల్లగా ఉంటుంది. అందుకే ఈ వేళకు ఇది తగిన చోటు. సాయంత్రం ఇక్కడ తమిళ కావ్యం శిలప్పదికారంలోని కణ్ణగి కథతో ధ్వని కాంతి ప్రదర్శన వేస్తుంటారు. ఆ రోజు ఉందో లేదో మధ్యాహ్నం టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. కానీ ప్రదర్శనకూ పళ్లియరై పూజకూ మధ్య ఎంచుకోవలసి వస్తే రెండో ఆలోచన లేకుండా గుడికే వెళ్లండి.

గాంధీ మ్యూజియం నదికి ఉత్తరాన, నాయక వంశపు రాణి మంగమ్మ తముక్కం భవనంలో ఉంది. 1959లో నెహ్రూ ప్రారంభించారు. గాంధీజీ హత్య జరిగిన రోజు ధరించిన వస్త్రంలో నెత్తుటి మరకలున్న భాగం ఇక్కడ అద్దాల పెట్టెలో ఉంది. పాఠ్యపుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ గుడ్డ ముందు నిలబడడం వేరు. అది మదురైలో ఉండడానికి కారణం ఉంది. 1921 సెప్టెంబరు 22న ఈ ఊళ్లోనే, పడమటి మాసి వీధి ఇంట్లో బస చేసినప్పుడే ఆయన కొల్లాయి కట్టడం మొదలుపెట్టారు. మీనాక్షి గుడిలోకి దళితులను రానివ్వనంత కాలం తాను అడుగుపెట్టనన్నారు. 1939 జూలై 8న కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యర్ దళితులతో కలిసి ఆలయ ప్రవేశం చేశారు. ఆ తర్వాత, 1946లోనే గాంధీజీ ఆ గుడి గడప దాటారు. పదో తరగతి దాటిన పిల్లలుంటే మహలు వదిలి ఇక్కడికే తీసుకెళ్లండి. ఈ కథ చెప్పి, రాత్రి అదే గడప దాటించండి.

ఇక కీళడి, ప్రాచీన జనావాసం బయటపడ్డ తవ్వకాల చోటు. ఊరికి ఆగ్నేయంగా పన్నెండు కిలోమీటర్లు, శివగంగ జిల్లాలో. 2014లో మొదలైన తవ్వకాల్లో ఇటుక కట్టడాలు, మట్టి వలయాల బావులు, ఆడుకునే పాచికలు, తమిళ బ్రాహ్మి అక్షరాలు గీసిన కుండపెంకులు బయటపడ్డాయి. 2023 మార్చిలో తెరిచిన మ్యూజియం దేశంలో నేను చూసిన చక్కని మ్యూజియాల్లో ఒకటి. అక్షరం గీసుకున్న ఒక చిన్న పెంకు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. చరిత్ర మీద ఆసక్తి లేనివారికి ఈ దూరం బరువనిపిస్తుంది. రెండో రోజు ఉంటేనే పెట్టుకోండి.

తిండి: మాంసాహారులకు, శాకాహారులకు వేర్వేరు మదురైలు

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఈ ఊరు మాంసాహారుల స్వర్గం. శాకాహారులకు ఇడ్లీ, కాఫీల స్వర్గం. రెండిటి వేళలూ వేరు.

ఇడ్లీ తెల్లవారుజామున, మళ్లీ రాత్రి తినాలి. మధ్యాహ్నం తినకూడదు. మల్లెపువ్వు ఇడ్లీ అంటారు ఇక్కడ. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. అరిటాకు మీద నాలుగు రంగుల చట్నీలు వడ్డిస్తారు, సాంబారు పోస్తారు, కారప్పొడి మీద నువ్వుల నూనె వేస్తారు. మన గుంటూరు కారం అలవాటైన నాలుకకు ఆ కారప్పొడి సౌమ్యంగా తోస్తుంది, కానీ చట్నీల రుచి ముందు ఆ లోటు తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక అప్పం, పణియారం వేసే చిన్న హోటళ్లు గుడి వీధుల్లో ఉన్నాయి. స్టేషను వైపు వేడి గోధుమ హల్వా ఆకు మీద పెట్టి ఇస్తారు. నెయ్యి వేళ్ల మీద కారుతుంటుంది. చల్లారాక కొని ఊరికి తీసుకెళ్లిన హల్వాలో ఆ సుఖం సగం కూడా ఉండదు. కొనాలనుకున్నా ముందు అక్కడే ఒక ఆకు తినండి.

మాంసాహారులు రెండు పూటలకు రెండు రకాల తిండి వేరు చేసుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి మెస్సులు. అన్నంలోకి మటన్ పులుసు, కోడి పులుసు, చేపల పులుసు అడిగినన్నిసార్లు పోస్తారు. పక్కన మటన్ చుక్కా, కీమా ఉండలు విడిగా తెప్పించుకోవాలి. వేలంత పొడవున్న అయిర చేపల పులుసు దొరికిన రోజు వదలకండి. మన గోదావరి జిల్లాల్లో పులుసుకు చింతపండు ఎలా ముఖ్యమో ఇక్కడ చిన్న ఉల్లిపాయలు, మిరియాలు అలా ముఖ్యం.

రాత్రి మాత్రం పెనం ముందుకు వెళ్లాలి. కరి దోశ మదురై సొంతం. దళసరి దోశ మీద గుడ్డు కొట్టి, దాని మీద వండిన మటన్ కీమా పరిచి, తిరగేసి కాలుస్తారు. సిమ్మక్కల్ దగ్గరి కోనార్ కడై ఈ దోశకు పేరుమోసింది. ఒక్క దోశ ఇద్దరికి సరిపోతుంది. దానికి పోటీ కొత్తు పరోటా. పరోటాలను పెనం మీద రెండు ఇనుప రేకులతో ముక్కలు కొడుతూ గుడ్డు, ఉల్లి, సాల్నా అనే మసాలా పులుసు కలుపుతారు. ఆ దరువు వీధి చివరి దాకా వినిపిస్తుంది. ఒక్కో మాస్టరుది ఒక్కో తాళం. ఆకలి లేనివాడిని కూడా కూర్చోబెడుతుంది. బన్ పరోటా పిడికిలంత ఉంటుంది, పైన కరకర, లోపల దూది. మీకు ఒక్క రాత్రే ఉంటే కరి దోశ తినండి, ఎందుకంటే కొత్తు పరోటా ఈ రోజుల్లో హైదరాబాదులో, బెంగళూరులో కూడా దొరుకుతోంది. కరి దోశ ఇంకెక్కడ తిన్నా ఇక్కడి రుచి నాకు తగల్లేదు. రెండో రాత్రి ఉంటే రెండోది.

శాకాహారులు వీధి బండ్ల దగ్గర ఒక మాట తెలుసుకోవాలి. సాల్నా మాంసం ఉడికిన పులుసు కావచ్చు, మామూలుగా అడిగితే సరిగ్గా చెప్పరు. గుడి వీధుల్లోని శుద్ధ శాకాహార హోటళ్లలోనే పరోటా తినండి.

పానీయాల్లో జిగర్‌తండా పేరు అందరికీ తెలుసు. గుండెకు చలువ అని ఆ మాటకు భావం. బాగా కాచి మీగడ కట్టిన పాలు, నానబెట్టిన బాదం బంక, సుగంధిపాల పానకం, పైన ఐస్‌క్రీము. ఆ పానకాన్ని ఇక్కడ నన్నారి అంటారు. ఆ పేరు, ఆ రుచి రాయలసీమలో వేసవి గడిపినవారికి కొత్తవి కావు. దీపస్తంభం అనే అర్థమున్న విళక్కుత్తూణ్ కూడలి దగ్గరి దుకాణాలు దీనికి పెట్టింది పేరు. ఇప్పుడు ఊరంతా ఈ పేరుతో బోర్డులున్నాయి, ఐస్‌క్రీము ఎక్కువ, బంక తక్కువ వేస్తున్నారు. మధ్యాహ్నం మహలు చూసి నడిచి వస్తే విళక్కుత్తూణ్ దారిలోనే పడుతుంది కాబట్టి దీని వేళ మధ్యాహ్నమే.

నాకు మాత్రం దానికన్నా పరుత్తి పాలు ఎక్కువ ఇష్టం. పత్తి గింజలు నానబెట్టి రుబ్బి పిండిన పాలలో బెల్లం, శొంఠి, కొబ్బరి వేసి కాచిన చిక్కటి వేడి పానీయం. సాయంత్రం బండ్ల మీద చిన్న గ్లాసుల్లో పోస్తారు. పత్తి పండించే జిల్లాల నుంచి వచ్చిన మనకు పత్తి గింజ అంటే గేదెల దాణా. అదే గింజను ఈ ఊరు పిల్లలకు తాగించే పాలుగా చేసుకుంది. గొంతు దిగుతుంటే శొంఠి ఘాటు, బెల్లం తీపి ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి. జిగర్‌తండా మరోచోట కూడా తాగొచ్చు. దీన్ని మాత్రం ఇక్కడే తాగి తీరాలి.

రాత్రి పది తర్వాత

రాత్రి జీవితం అంటే మద్యం, సంగీతం, నాట్యం అని మీ ఉద్దేశమైతే మదురై మీకు తగిన ఊరు కాదు. కొన్ని పెద్ద హోటళ్లలో బార్లు ఉన్నాయి, అంతే. ఆ సరదాకు పుదుచ్చేరి గాని, చెన్నై గాని ఎంచుకోండి. ఇక్కడ గుడి తలుపులు మూసుకున్న వెంటనే జనం ఇళ్లకు పోరు, వీధుల్లోకి వస్తారు. టీ బండ్లు, పరోటా పెనాలు, వేడి పాలు అమ్మేవాళ్లు, తెల్లవారి సంతకు కూరగాయలు దించే కూలీలు. పాత ఊళ్లో ఒక మాసి వీధి పొడవునా రాత్రి పదకొండుకు నడిచి చూడండి. ఒంటరి స్త్రీలు కూడా తిండి బండ్ల దగ్గర కుటుంబాల మధ్య కనిపిస్తారు. చీకటి సందుల్లోకి మాత్రం పోకుండా వెలుగున్న పెద్ద వీధుల్లోనే ఉండడం మంచిది.

ఇంత రద్దీ వద్దు, చల్లగా కూర్చోవాలి అనుకునేవారికి ఊరికి తూర్పున వండియూర్ మారియమ్మన్ తెప్పకుళం ఉంది. తిరుమల నాయకుడు తవ్వించిన పెద్ద చెరువు, మధ్యలో మండపం. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా గట్టు మీద ఊరంతా గాలికి వచ్చి కూర్చుంటుంది. తవ్వుతుండగా దొరికిన భారీ వినాయక విగ్రహమే ఇప్పుడు మీనాక్షి గుడిలో ఉన్న ముక్కురుణి వినాయకుడని చెబుతారు. ఒకే రాత్రి ఉంటే తెప్పకుళానికీ పళ్లియరై పూజకూ సమయం కుదరదు. రెండు రాత్రులుంటే మొదటిది గుడికి, రెండోది చెరువుకు ఇవ్వండి.

ఏ నెలలో?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. తై నెల పౌర్ణమినాడు, అంటే జనవరి చివర లేదా ఫిబ్రవరిలో, మీనాక్షి సుందరేశ్వరులు తెప్పకుళంలో తెప్ప మీద విహరిస్తారు. దీపాలతో నిండిన ఆ చెరువు చూడడానికి ప్రయాణం కట్టుకోవడం పూర్తిగా సబబు. సంక్రాంతి రోజుల్లో అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టుకు దేశమంతా వస్తుంది కాబట్టి గదులు దొరకవు. మన ఇంటి పండుగ వదిలి వెళ్లాలా అన్నది కూడా ఆలోచించుకోండి.

చిత్తిరై పండుగ ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ఎండ నలభై డిగ్రీలు తాకుతుంది. అయినా జన్మలో ఒక్కసారి చూడాలి. మీనాక్షికి పట్టాభిషేకం, తర్వాత కల్యాణం, రథోత్సవం. చెల్లెలి పెళ్లికి అళగర్ కొండ నుంచి విష్ణువు బంగారు గుర్రమెక్కి బయలుదేరతాడు. నది దగ్గరికి వచ్చేసరికే పెళ్లి అయిపోయిందని తెలిసి, చిత్రా పౌర్ణమినాడు వైగైలో దిగి వెనక్కు మళ్లుతాడు. శ్రీవిల్లిపుత్తూరు నుంచి గోదాదేవి మాల ఆయన కోసం వస్తుంది. ఆయన ఆకుపచ్చ పట్టు కట్టి దిగితే ఆ ఏడు పంటలు బాగా పండుతాయని జనం నమ్మకం. వేరువేరుగా జరిగే శైవ, వైష్ణవ ఉత్సవాలను ఒకే పండుగగా కలిపినవాడు తిరుమల నాయకుడేనని ఊరివాళ్లు చెబుతారు. ఆ రోజు నదిలో లక్షల జనం ఉంటారు. గుండెజబ్బున్నవారినీ చిన్నపిల్లలనూ తీసుకెళ్లకండి. వారితో అయితే తెప్పోత్సవానికే రండి.

చుట్టుపక్కల ఒక్కటే

సగం రోజు మిగిలితే భక్తులకు తిరుప్పరంకుండ్రం. ఎనిమిది కిలోమీటర్లే, కొండను తొలిచిన సుబ్రహ్మణ్య క్షేత్రం. చెట్లు, కోతులు, కొండగాలి కావాలంటే ఇరవై కిలోమీటర్ల దూరంలోని అళగర్ కోవెల. అక్కడి ప్రసాదం మినపప్పు, మిరియాలు, శొంఠి వేసిన దళసరి దోశ, రెండు రోజులు నిలవ ఉంటుంది. జనం లేని చోటు కోరుకునేవారికి కీళకుయిల్‌కుడి సమణర్ కొండ. తామర కొలను, మర్రిచెట్టు, పైన రాతిలో జైన తీర్థంకరులు. నా మాట అడిగితే మూడోదే. పొద్దున్నే ఎక్కి తొమ్మిదికల్లా దిగిపోవాలి, ఆ తర్వాత బండ కాలుతుంది.

ఏమి కొనాలనే ప్రశ్న కూడా వస్తుంది. చుంగిడి చీరకు 2005లో, మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. చుంగిడి నూలు చీర మీద చుక్కలు ఒక్కొక్కటీ దారంతో ముడివేసి రంగులో ముంచినవి. ఆ పని ఎప్పుడో గుజరాత్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ సౌరాష్ట్రుల చేతుల్లో ఉంది. వారు ఇంట్లో మాట్లాడే భాషలో మన మాటలు అక్కడక్కడా వినిపిస్తాయి. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. నేను ధర అడుగుతుంటే ఒక పెద్దాయన "తెలుగా మీరు?" అని ఆగి, వాళ్ల తాతల నాటి తెలుగులో పలకరించాడు. వాక్యం చివర స్వరం తమిళంలా సాగినా మాటలన్నీ మనవే. అచ్చు వేసిన చుక్కల చీర చవక, చేత్తో కట్టినది ఖరీదు. చేతి చీరైతే చుక్కలన్నీ ఒకే కొలతలో ఉండవు, ముడి పడ్డ చోట గుడ్డ కాస్త ఉబ్బి ఉంటుంది. తడిమి చూసి తీసుకోండి.

మల్లెల విషయంలోనూ వేళే చూడాలి. మాట్టుత్తావణి పూల సంతకు పొద్దున వెళ్తే కుప్పలు చూడొచ్చు, తక్కువ ధరకు తూకానికి కొనొచ్చు, కానీ సాయంత్రానికి అవి విచ్చుకుని రైలెక్కేలోపే వాడతాయి. ఊరికి తీసుకెళ్లాలనుకుంటే సాయంత్రం గుడి వీధిలో కట్టిన మొగ్గల దండే కొనండి. అమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలి కొన దాకా మూర కొలిచి, ఇంకో రెండు వేళ్లు అదనంగా వదులుతుంది. తడి అరిటాకులో చుట్టి ఇమ్మనండి. చెన్నై వెళ్లే రాత్రి రైలు కదిలాక పొట్లం విప్పితే ఆ మొగ్గలు అప్పుడే విచ్చుకుంటూ ఉంటాయి, కింది బెర్తులో పడుకున్నవాళ్లు కూడా మదురై నుంచా అని అడుగుతారు.